బతికే ఉన్నట్లు మా అమ్మ వేలిముద్ర

పెన్షను కోసం ఏటా నవంబరులో నేను బతికి ఉన్నానని సర్కారుకు నిరూపించుకోవాలి. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటరులో కూర్చుని ఒక నల్ల డబ్బా మీద వేలు పెడతాను. ముప్పై అయిదేళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. డబ్బా ఒప్పుకోదు. సెంటరు నడిపే మనిషి నా మొహం వంక చూడకుండానే, పడటం లేదు మేడం, చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టండి అంటాడు. నాతో మాట్లాడుతూనే నేను లేనంటాడు. నాకు కోపం రాదు, నవ్వొస్తుంది. ఈ తమాషా నాకు కొత్త కాదు. ఇదే ఊళ్లో, ఇంకొకరి కోసం, మా అమ్మ పక్కన నిలబడి చిన్నప్పుడే చూశాను.

ఈసారి ఆ పని ముగించుకుని ఇల్లు చేరేసరికి మా వాకిట్లో తెల్ల కారు ఉంది. దిగిన మనిషి ఉదయగిరిలో మా చిన్ననాటి సంఘానికి ఇప్పుడు పెద్ద. వాళ్ల నాన్న అప్పట్లో మా పాస్టరు. తండ్రి ఆత్మలను చూసుకునేవాడు, కొడుకు ప్లాట్లు చూసుకుంటున్నాడు. రెండు పనులకూ ఒకటే గొంతు సరిపోయింది. ఆయన వెనక ఇద్దరు, ఆయన నవ్వినప్పుడల్లా నవ్వడానికి వచ్చినవాళ్లు. కుర్చీలు వేశాను. కాఫీ ఇవ్వలేదు.

ఆయన చేతిలో ఒక ఉత్తరం ప్రింటు ఉంది. విదేశం నుంచి ఒకావిడ సంఘానికి రాసింది. ఉదయగిరి ఆస్పత్రిలో పని చేసి అక్కడే పోయిన మా దొరసానమ్మ తల్లీ, ఈమె అమ్మమ్మా అక్కచెల్లెళ్లట. యుద్ధం తర్వాత తమవాళ్లు ఎవరెవరు ఎక్కడ తేలారో వెతుకుతూ పోతే, దొరసానమ్మకు పెన్షను పంపిన దేశంలో పాత ఫైలొకటి దొరికిందట. అందులో ఇరవైకి పైగా ధ్రువపత్రాలు. ఆమె బతికే ఉన్నదని ఏటా ఇక్కడి నుంచి పోయినవి. అన్నిటి కింద సాక్షిగా ఒకే వేలిముద్ర. సమాధి ఉందా, కాగితాలేమైనా మిగిలాయా అని అడిగింది. వచ్చే నెల వస్తానంది. ఇంతవరకు సంఘం పెద్దే చదివి వినిపించాడు. నేను కాగితం చేతిలోకి తీసుకుని చూస్తే ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ వేలు ఎవరిది అని. మా అమ్మ లాంటి ఆస్పత్రి ఆయా వేలు గురించిన ప్రశ్న చదవదగ్గదిగా ఆయనకు తోచలేదు.

దొరసానమ్మ కాగితాల పెట్టె నా దగ్గరుందని ఆయనకు తెలుసు. "సంఘం ఆస్తి అది టీచరమ్మా. మీ మంచం కింద ఉండేదానికంటే అద్దాల బీరువాలో ఉంటే గౌరవంగా ఉంటాది," అన్నాడు. స్మారక సభ పెడతారట, సమాధి రాయి మీది అక్షరాలకు బంగారు రంగు వేయిస్తారట. అచ్చయిన కరపత్రం కూడా చూపించాడు. పైన ఆయన ఫోటో, కింద చిన్నగా ఒక తెల్లావిడ. ఎవరీమె అని అడిగాను. దొరసానమ్మ ఫోటో దొరక్క ఫోనులో వెతికి పెట్టామని వెనకాయన చెప్పాడు. తెల్లగా ఉంటే చాలు వాళ్లకు.

ఆమె ఇంగ్లీషుదో అమెరికాదో అనుకునేవాళ్లు మావాళ్లు. ఆమెది యూరపులో ఏదో చిన్న పట్నం, బట్టలు కుట్టే ఇల్లు. యూదులు. అదొక్కటే నేరంగా హిట్లర్ మనుషులు ఆ ఇంట్లో అయిదుగురినీ గూడ్సు రైలెక్కించి క్యాంపుకు పంపారు. తల్లి, తండ్రి, ఇద్దరు తమ్ముళ్లు తిరిగి రాలేదు. ఈమె ఒక్కతే మిగిలింది. యుద్ధమయ్యాక పోవడానికి ఇల్లు లేదు, ఊరు లేదు, చివరికి దేశం కూడా లేదు. అట్లాంటి వాళ్లందరినీ ఉంచిన చోట నర్సు పని నేర్చుకుంది. ఎవరూ పోమని మొండికేసే ఎండల ఊరికి నర్సు కావాలని ఒక మిషన్ వాళ్లు వస్తే, ఎంత దూరమని అడిగిందట. చాలా దూరమన్నారట. అయితే సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమందట. నువ్వేం నమ్ముతావని వాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఉదయగిరి కొండ కింద రెండు గదుల ఆస్పత్రి అది. మా అమ్మ అక్కడ సూదులు మరగబెట్టేది, కట్లు ఉతికేది. మా నాయన నాకు మాటలు రాకముందే పోయాడు కాబట్టి నేను ఆ ఆస్పత్రి వసారాలోనే పెరిగాను. సంఘం కరపత్రంలో దొరసానమ్మ కరుణామూర్తి, ప్రేమస్వరూపిణి. వినడానికి బాగానే ఉంది. నేనెరిగిన దొరసానమ్మ నోరు మహా చెడ్డది. పాము కరిచినవాణ్ని ముందు మంత్రగాడి దగ్గరకు తీసుకుపోయి, సగం చచ్చాక ఆస్పత్రికి తెచ్చేవాళ్లను ఆమె తిట్టిన తిట్లు నేనింకెక్కడా వినలేదు. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకుంది గనుక తిట్లన్నీ మా వీధివే. తిడుతూనే సూది వేసేది, చెయ్యి మాత్రం వణికేది కాదు. ఉదయగిరిలో చెక్కే చెక్క స్పూను ఒకటి కొనుక్కుని, క్యాంపు నాటి అలవాటుగా దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది. నా పళ్లెంలో మెతుకు మిగిలితే అది తినేదాకా నన్ను లేవనిచ్చేది కాదు. ఈ ఎగతాళి నీకు ఎక్కడ అబ్బిందని బడిలో తోటి టీచర్లు అడిగేవాళ్లు. ఆ వసారాలోనే అబ్బింది.

ఆమె ఎడమ ముంజేతి మీద నీలం అంకెలు ఉండేవి. క్యాంపులో పొడిచిన నంబరు. మా ఊరి మగవాళ్లు దాని మీద పరిశోధన చేసి, మిలిటరీలో చచ్చిపోయిన మొగుడి నంబరని తేల్చారు. చదువుకున్న విశ్వాసులు ఇంకా పైకి పోయారు. అది బైబిలు వాక్యంలో అధ్యాయమూ వచనమూ అట. దేవుడి మాటను ఒంటి మీద పొడిపించుకుని వచ్చిన భక్తురాలట. అంకెలు కనిపిస్తే అధ్యాయమూ వచనమూ తప్ప ఇంకోటి తోచని మనుషులు. లారీ వెనక నంబరు చూసినా గ్రంథం తిరగేస్తారు. ఆమెనే అడిగితే సరిపోయేది. పాతికేళ్లు వాళ్ల పిల్లలకు కాన్పులు చేసిన మనిషిని ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు.

అడిగింది మా అమ్మ ఒక్కతే, అదీ తనకు తెలియకుండా. మా అమ్మ చేతి మీద తేలు, పూలతీగ పచ్చబొట్టు ఉండేది. దొరసానమ్మ చెయ్యి చూసినప్పుడల్లా ఆమెకు జాలేసేదట, ఇంత తెల్లటి చేతి మీద ఇంత మోటు పనితనమా అని. ఒకరోజు పచ్చబొట్లు పొడిచే ఆమె వీధిలోకి వస్తే పిలుచుకొచ్చి వసారాలో కూర్చోబెట్టింది. ఆ అంకెల చుట్టూ పూలు పొడిపించుకోమ్మా, అందంగా ఉంటుందని దొరసానమ్మకు చెప్పింది. దొరసానమ్మ తన చెయ్యి చాపి మా అమ్మ చేతి పక్కన పెట్టింది.

"నువ్వు అడిగి పొడిపించుకున్నావా?"

"యాడమ్మా. ఏడస్తా ఉంటే మా అవ్వ గట్టిగా పట్టుకునింది."

"నన్ను కూడా పట్టుకున్నారు," అంది దొరసానమ్మ. "మా అవ్వ కాదు."

మా అమ్మ పచ్చబొట్టు ఆమెకు ఇన్ని బియ్యం పోసి పంపించేసింది.

చంపబోయిన దేశమే కొన్నేళ్లకు ఆమెకు పెన్షను ఇచ్చింది. దానికొక షరతు. ఏటా ఆమె బతికే ఉన్నదని ఆఫీసరు సంతకం చేసిన కాగితం పోవాలి. ఆ సంతకం కోసం ముగ్గురం ఉదయగిరి నుంచి ఆత్మకూరు బస్సెక్కేవాళ్లం. ఆఫీసరుకు ఒక సాక్షి కావాలి. ఎదురుగా నిలబడిన మనిషి నిలబడి ఉందని ఇంకో మనిషి చెప్పాలి. ఒకసారి గుమాస్తా, పోయినేడు ఇచ్చాం కదా, మళ్లీ ఎందుకని విసుక్కున్నాడు. ఒకసారి బతికితే ఎప్పటికీ బతికి ఉంటారని ఆయన ఉద్దేశం కాబోలు. మా అమ్మకు మాత్రం ఆ రోజు ఆటలు లేవు. ఉతికిన చీర కట్టుకుని వచ్చేది. ఆ కాగితంలో ఏముందో చదివి వినిపిస్తే తప్ప ఒప్పుకునేది కాదు. ఈమె నాకు తెలిసిన మనిషి, ఈ తేదీన బతికి ఉన్నదని సాక్ష్యమిస్తున్నాను. అది విని, దొరసానమ్మను తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, అప్పుడు బొటనవేలు సిరాలో అద్దేది. చూడకుండా ఒక్క ఏడూ అద్దలేదు.

ఒకసారి తిరుగు బస్సులో దొరసానమ్మ కిటికీలోంచి చూస్తూ అంది. "చంపేదానికి ఒక్క రుజువు అడగలేదు. బతికేదానికి ఏడాదికొకటి అడగతా ఉండారు."

ఇవన్నీ నాకు ఆమె చెప్పింది నా పదహారో ఏట, కట్లకు పాత గుడ్డలు చించుతూ. ఏడవలేదు. గుడ్డ చించే చప్పుడు ఆగలేదు. సంఘంలో చెప్పొచ్చు కదా అన్నాను. చెప్తే వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టిస్తారు, వాళ్ల చప్పట్లకంటే ఈ గుడ్డ నయమంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు మంచం పట్టినప్పుడు ఒక చీటీ రాసి ఇచ్చింది. తిరిగి రాని నలుగురి పేర్లు. నేను పక్కనే తెలుగులో రాసుకుని చదివితే రెండుచోట్ల దిద్దింది. మా అమ్మ ఆమె కాళ్లు ఒత్తుతూ అక్కడే ఉంది.

"వీళ్లకు యాడా రాయి లేదు," అంది దొరసానమ్మ. "నేను పోతే నాకొక రాయి పెడతారు గదా. నా పేరు వద్దు. వీళ్లవి రాయించు."

రాయిస్తానన్నాను.

ఆమె చనిపోయిన నెలలోనే మిషన్ బడిలో నా ఉద్యోగం పర్మినెంటు కావాలి. సంతకం పెట్టాల్సింది పాస్టరు. ఆయన దొరసానమ్మ చేతి మీది అంకెలను ఒక కాగితం మీద ఎక్కించుకుని కూర్చున్నాడు. మొదట వెతికిన చోట ఎవరో రాజు వంశావళి వచ్చింది. రెండోచోట శాపం వచ్చింది. నాలుగో చోటో అయిదో చోటో ఓదార్పు మాట ఒకటి దొరికింది, అక్కడ ఆగి, దేవుడే చూపించాడన్నాడు. రాయి మీద ఆ వచనం, దాని కింద ఆ అంకెలు చెక్కాలని కమిటీ తీర్మానించింది.

మావైపు ముందుగా ఎవరైనా రాయి మీద రంగుతో రాసిపెడితే, చెక్కేవాళ్లు ఆ గీత మీదే ఉలి పోనిస్తారు. ఊళ్లో గుండ్రటి చేతిరాత నాది. నన్ను పిలిపించారు. చీటీ నా పర్సులో ఉంది. ఆ అంకెలేమిటో అక్కడున్న వాళ్లలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పాస్టరు ఎదుట నిలబడి కుంచె తీసుకున్నాను. వచనం రాశాను. కింద, హంతకులు ఆమెను పట్టుకుని పొడిచిన నంబరు రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పర్మినెంటు కాగితమూ వచ్చింది.

ఆ సాయంత్రం మా అమ్మ అడిగింది. "నాలుగు పేర్లూ రాసినావా?"

"రాసినాను," అన్నాను.

మా అమ్మకు చదువు రాదు. ఏటా సమాధుల పండుగకు పోయి ఆ సమాధికి సున్నం వేసేది. తర్వాత ఆ బొటనవేలితోనే అక్షరాలు తడుముతూ, ఇది తల్లిదా, ఇది తండ్రిదా, చిన్నోడిది ఏది అని అడిగేది. నేను వచనంలో ఒక్కో మాట చూపించి ఒక్కో పేరు చెప్పేదాన్ని. ఆమె ఆ పేర్లు తనకు వచ్చినట్లు పలికి, నాలుగు కొవ్వొత్తులు పెట్టేది. పన్నెండేళ్లు అదే తంతు. ఆమె పోయేదాకా నిజం చెప్పలేదు. ఇంతసేపూ పాస్టరునూ, ఆయన కొడుకునూ, ఊరినీ దులిపేశాను. వాళ్లకు తెలియదు, నాకు తెలుసు. వేలిముద్ర మనిషి చూడనిదే వేలు అద్దలేదు. చదువుకున్న నేను చూస్తూ చూస్తూ రాశాను. ఈ మొత్తంలో అందరికంటే నీచమైన పని నాదే.

అందుకే తెల్ల కారు వచ్చిన రోజు నా నోరు ఊరుకోలేదు. పెట్టె ఇవ్వనని చెప్పాను. ఆమె ఎవరో, ఆ నంబరు ఏమిటో, రాయి మీద ఏం ఉండాలో చెప్పాను. నలభై ఏళ్లకు పైగా నాలిక కింద పెట్టుకున్న మాట.

"యూదురాలైతే ఏమైంది టీచరమ్మా? ప్రభువు కూడా యూదుడే గదా. ఇంకా మంచిదే," అన్నాడు సంఘం పెద్ద.

వెనకున్న వాళ్లలో ఒకడు, చివరి గడియలో ఆమె మనసు మారి ఉంటుందేమో, మనమెట్లా చెప్పగలమన్నాడు. రెండోవాడు కరపత్రాలు అచ్చయిపోయాయన్నాడు. ముగ్గురిలో నిజం చెప్పింది వాడొక్కడే. ప్రతి ఆదివారం యూదుల గురించి గంటసేపు వినేవాళ్లే వీళ్లంతా. యూదులంటే గడ్డాలూ గొర్రెలూ ఉండాలి వీళ్లకు. వీళ్ల చంటిపిల్లలకు సూదులు వేసిన ఆడమనిషి యూదురాలంటే ఎక్కడా అతకదు.

రాయి మీది నంబరు తీయించి పేర్లు చెక్కిస్తానన్నాను. వాళ్ల నాన్న ప్రార్థన చేసి ఎంచిన వచనం, కదిలించడానికి లేదన్నాడు సంఘం పెద్ద. అయితే ఆ వచనం ఎట్లా దొరికిందో, ఆ నంబరు రాయి మీదికి ఎట్లా ఎక్కిందో వచ్చే ఆవిడకు నేనే రాస్తానన్నాను. అప్పుడు గొంతు మారింది. ప్లాటు బేరం కుదరనప్పుడు వాడే గొంతు అయ్యుంటుంది. "పోనీ, రాయికి వెనకపక్క చెక్కించుకోండి. ముందుపక్క మాత్రం ముట్టబాకండి," అన్నాడు. బతికి ఉన్నప్పుడు ఆ నలుగురికీ చోటు లేకుండా చేశారు. చచ్చాక ఈయన వెనకపక్క చోటిస్తున్నాడు. సరేనన్నాను. పెద్దల ఎదుట సరేననడం నాకు ముందు నుంచీ అలవాటే.

వాళ్లు పోయాక పెట్టె తీశాను. రేకు తుప్పు పట్టింది గానీ కాగితాలు బాగానే ఉన్నాయి. దేశం పేరు రాయాల్సిన చోట ఏమీ రాయని ప్రయాణ పత్రం ఒకటి. తమవాళ్ల జాడ కోసం ఆమె రాసిన ఉత్తరాలకు వచ్చిన జవాబులు, కట్ట కట్టి. వాటి మీద ఫోను పెడితే అదే తెలుగు చేసి చూపిస్తుంది. తమరి విన్నపము పరిశీలించబడినది, తమరు పేర్కొనిన వ్యక్తుల గురించి సమాచారము లేదు. నాలుగు పేర్లకూ, ఏటేటా, అదే మాట. క్యాంపులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో తగిన రుజువులు జతపరచమని ఇంకొక కాగితం. దాని అంచున దొరసానమ్మ తెలుగులో ఒక మాట రాసుకుంది. మా వీధి మాటే, ఇక్కడ రాయలేను. అడుగున ఆ ధ్రువపత్రాల నకళ్లు. ఒక్కోదాని కింద మా అమ్మ బొటనవేలు. మొదట్లో గీతలు స్పష్టంగా ఉన్నాయి. పోనుపోను నా వేళ్ల మాదిరే అరిగిపోయాయి. ఆ రోజుల్లో ఆమెను కాదనడానికి నల్ల డబ్బా లేదు.

ఆ విదేశీ ఆవిడకు ఉత్తరం రాశాను. వేలు మా అమ్మదని, పెట్టె ఆమె కోసమే ఉందని, సమాధి ఉందని. ఆ సమాధి రాయి మీద నేనేం రాశానో, ఎందుకు రాశానో కూడా రాశాను. జవాబు ఇంకా రాలేదు.

కలిగిరి నుంచి చెక్కే మనిషిని మాట్లాడి, మరుసటి వారం పట్టపగలే ఉదయగిరి పోయాను. సంఘం పెద్ద అప్పటికే అక్షరాలకు బంగారు రంగు వేయించేశాడు. వచనమూ నంబరూ ఎండలో తళతళ మెరుస్తున్నాయి. చెక్కే మనిషి వెనకపక్కకు పోబోతే, ముందుపక్కే, ఇదంతా తీసెయ్ అన్నాను. సిలువ కూడానా అని భయంగా అడిగాడు. దాని సంగతి వచ్చే ఆవిడ చూసుకుంటుందన్నాను. అతను మిషను పెట్టి అరగదీశాడు. నంబరు ముందు పోయింది. బంగారు పొడి నా చీర మీద పడింది.

రాయి నున్నగా అయ్యాక, నీళ్లు పోసి కడిగి, కుంచె నా చేతికిచ్చాడు. చీటీ మోకాలి మీద పెట్టుకుని నాలుగు పేర్లు రాశాను. రాయడానికి చాలాసేపు పట్టింది. గీతలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. అతను వచ్చి చూసి నసిగాడు.

"పాత రాత ఎవురిదో గానీ ఒక్క గీత వణకలేదమ్మా. ఇది వంకర పోతా ఉండాది. తుడిచేసి మళ్లీ రాస్తారా?"

"అదీ నేనే రాసినానయ్యా," అన్నాను. "చెయ్యి అప్పుడు వణకాల్సింది. నువ్వు దీని మీదే చెక్కు."

ఏ పేరుతో మొదలుపెట్టమంటారని అడిగాడు. తల్లిది, తర్వాత తండ్రిది, చివర చిన్నోడిది అని చెప్పాను. మా అమ్మ అడిగే వరుస అది.